సెల్సా అత్త వెయ్యనన్న సూది

నవంబరు 8

సెల్సా అత్త మా అమ్మను నిలబెట్టిందా, పడగొట్టిందా? అమ్మ పోయిన దగ్గర్నుంచీ, తొమ్మిదేళ్లుగా, ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఎవరినీ అడగలేదు. అడగవలసిన మనిషి మా ఇంటికి నాలుగు గడపల అవతలే ఉంటుంది. రోజూ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ కనిపిస్తుంది, "బాగున్నావా నిమీ" అంటుంది. బాగున్నానంటాను.

పదకొండేళ్లు అమ్మకు ఎర్ర సూది వేసింది, చేతులు బిగుసుకుపోయిన ప్రతిసారీ. డాక్టరు చీటీ లేకుండానే దుకాణంలో దొరికే మందు. మా ఊరు విల్యారికాలో నడుం పట్టినా, మోకాలు వాచినా అందరూ వేయించుకునేదే. మర్నాటికల్లా అమ్మ వేళ్లు విచ్చుకునేవి. పాడుకుంటూ తెల్ల నూలు చొక్కాల మీద పువ్వులు కుట్టేది. ఆ కుట్టుపని మీదే నేను రాజధాని అసున్సియోన్‌లో ఐదేళ్లు చదువుకున్నాను. తర్వాత అమ్మ ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగరు వచ్చింది, ఎముకలు గుల్లబారాయి. పెరట్లో తడినేల మీద జారితే తుంటి విరిగింది. మళ్లీ లేవలేదు.

ఇప్పుడు నా చేతులు. మూడేళ్లుగా అమ్మకొచ్చిన కీళ్లవాతమే. కుడిచేయి మరీ పాడైంది. టీచర్ల శిక్షణ కళాశాలలో చరిత్ర చెప్పేదాన్ని, బోర్డు మీద ఒక సంవత్సరం అంకెలు నాలుగు రాయలేకపోతున్నాను. పిల్లలు నవ్వితే బాగుండును. నవ్వరు. లేచి వచ్చి సుద్దముక్క అందుకుంటారు.

రేపు మొదటి సూది. అమ్మ వేయించుకున్నది కాదు, వేరే మందు. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తీయించి, ఒంట్లో క్షయ దాగిలేదని తేలాకే డాక్టర్ యెగ్రోస్ రాసింది.

నవంబరు 9

అయిపోయింది. చీమ కుట్టినంత. నొప్పి నాకు, నేల మీద కూలబడ్డది మా ఆయన ఎలిహియో. దుంగలు కోసే రంపం దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి సూది మూత తీయడం చూసి గోడ పట్టుకుని జారిపోయాడు. నర్సు నన్ను వదిలేసి ఆయనకు గాలి విసిరింది.

డాక్టర్ యెగ్రోస్ చెప్పినవన్నీ ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను, నా మతిమరుపు నాకు తెలుసు గనక.

"ఫ్రిజ్‌లో పెట్టండి టీచరుగారూ. ఫ్రీజరులో కాదు. దారిలో తెచ్చుకునేటప్పుడు కూడా ఐసు తగలకూడదు, పెట్టెలో పెట్టే జెల్ చల్లసంచికి గుడ్డ చుట్టాలి. ఒక్కసారి గడ్డకట్టిందా, ఆ మందు పనికిరాదు. కరిగాక చూస్తే తేటగానే ఉంటుంది, మోసపోవద్దు. పద్నాలుగు రోజులకొకటి. నొప్పి ఎక్కువైందని ముందే వేసుకోవద్దు. జ్వరమున్నా, చీము పట్టిన గాయమున్నా ఆపి నాకు ఫోన్ చెయ్యండి."

లావుపాటి పెన్నులా ఉంటుంది. తొడ మీద ఆనించి పైన బొటనవేలితో నొక్కిపట్టాలి. నా బొటనవేలికి అంత బలం లేదు.

"ఇంట్లో ఎవరు వేస్తారు?" అంది డాక్టరు. ఇద్దరం నేల మీదున్న ఎలిహియోను చూశాం.

"మీ వీధిలో సూదులు వేసే ఆవిడ ఎవరూ లేరా? ప్రతి వీధిలో ఒకరుంటారుగా?"

లేరన్నాను.

నవంబరు 21

ఎలిహియో నారింజకాయ మీద ఉత్తుత్తి పెన్నుతో సాధన చేశాడు. నారింజకాయకే ముఖం పాలిపోయింది.

నవంబరు 22

సెల్సా అత్తను అడగను. అంతే.

నవంబరు 23

అడిగాను.

ఉతికిన తెల్ల ఏప్రను కట్టుకుని వచ్చింది, డెబ్బయ్యారేళ్ల మనిషి. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. పెన్ను ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టి అరగంట ఆగాలన్నాను. ఆగుదాం, ఈలోగా కాగితం ఇవ్వమంది.

"నేను చెప్తాగా అత్తా."

"నువ్వు చెప్పేది నీకు అర్థమైన ముక్క. కాగితంలో ఉన్నది వేరే. ఈ కళ్లద్దాలు అందానికి పెట్టుకున్నాననుకున్నావా?"

దుప్పటంత కాగితం. వేలు పెట్టి వరసగా చదివింది. మధ్యమధ్యలో నన్ను పరీక్ష చేసింది. జ్వరముందా? పోయినసారి ఏ తొడ? చర్మం మీద దద్దుర్లేమైనా?

"ఇదేం సూదే, సూదే కనపడదు?"

"లోపలుంటుందత్తా. నొక్కితే బయటికొస్తుంది."

"దొంగసూది అన్నమాట. మా కాలంలో సూది కూడా మర్యాదగా ముందు కనపడి తర్వాత గుచ్చేది."

నేను నవ్వాను. నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. ఎడమ తొడ మీద ఆనించి నొక్కింది, పెన్ను మీది చిన్న కిటికీ గడి పసుపురంగులోకి మారేదాకా కదలకుండా మా గ్వారానీ భాషలో అంకెలు లెక్కపెట్టింది. వాడేసిన పెన్నును తను తెచ్చిన మందపాటి బ్లీచింగు డబ్బాలో వేసి మూత బిగించింది.

ఆమె చేతులు చాలా మెత్తన. అది నేను మరిచిపోయాను.

డిసెంబరు 7

ఇవాళ మూడోది. ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది, వేసవి మొదలైంది కదా, ఎండదెబ్బే అయ్యుంటుందనుకున్నాను. సెల్సా అత్త నా నుదురు ముట్టుకుని థర్మామీటరు తెమ్మంది. ముప్ఫై ఎనిమిదిన్నర.

"వెయ్యను. డాక్టరమ్మకు ఫోన్ చెయ్."

డాక్టరు కూడా అదే అంది, జ్వరం తగ్గి రెండు రోజులు గడిచాకే అని. ఒకరి మాట ఒకరు విన్నట్టే మాట్లాడారు.

మాతకు మొక్కుకున్న వాళ్లు కాకుపేలోని ఆమె గుడి దాకా నడిచి వెళ్తున్నారు, వీధి నిండా. నడవగలిగిన వాళ్లందరినీ చూస్తే మొదటిసారి అసూయ వేయలేదు.

డిసెంబరు 12

వేయించుకున్నాను. ఇకనుంచి ఈ తేదీ నుంచే పద్నాలుగు.

డిసెంబరు 19

జామపండు జాము సీసా మూత నేనే తిప్పాను. ఎలిహియో చూడలేదు. మళ్లీ బిగించి, పిలిచి, మళ్లీ తిప్పాను.

డిసెంబరు 27

ఎలిహియో చొక్కాకు బొత్తాం కుట్టాను. దారం సూదిలో ఎక్కించింది కూడా నేనే. అమ్మ చూస్తే ఆ కుట్టు విప్పించి మళ్లీ కుట్టించేది. అయినా దేవుడి పటం ముందు నిలబడి దండం పెట్టుకున్నాను. ఎవరికి పెట్టానో స్పష్టంగా తెలియదు. డాక్టరుకు, మందు కనిపెట్టిన వాళ్లకు, ఇన్సూరెన్సు ఆసుపత్రిలో చీటీ మీద ముద్ర వేసిన గుమాస్తాకు, సెల్సా అత్త బొటనవేలికి కూడా అయ్యుంటుంది.

జనవరి 9

మొదటి విడతలో ఆఖరుది. రెండో విడత రాజధానికి వెళ్లి తెచ్చుకోవాలి. ఈసారి మూడు నెలలకు ఆరు పెన్నులు. నాకు కళాశాల సమావేశాలున్నాయి, ఎలిహియో వెళ్తానన్నాడు.

జనవరి 22

ఎలిహియో మందు తెచ్చాడు. పాపం, వేకువనే వెళ్లి వరుసలో నిలబడ్డాడు. రానూపోనూ ఎనిమిది గంటల బస్సు, నలభై డిగ్రీల ఎండ.

నేనిచ్చిన థర్మకోల్ పెట్టె వంటింటి బల్ల మీదే ఉంది. మందు తెరెరె ఫ్లాస్కులో వచ్చింది. తోలు తొడుగు మీద మా ఇద్దరి పేర్లూ చెక్కించుకున్న ఫ్లాస్కు. ఆయన ఎక్కడికెళ్లినా చంకలో ఉండేది అదే, మూతిదాకా ఐసు పోసి, తెరెరె ఆకుల మీద చల్లనీళ్లు వంపుకుంటూ దారంతా తాగుతాడు. ఇవాళ దారిలో తాగలేదు. మందుల డబ్బాలు పట్టలేదని విప్పి, ఆరు పెన్నులూ, మడిచిన అట్టలూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఐసు మధ్యలో దించాడు.

"ఆ థర్మకోల్ ముక్క రెండు గంటలకు మించి ఆగదు జునీ... కాదు, నిమీ," అన్నాడు, అలసటలో వాళ్ల అక్క పేరు నోటికొచ్చి. "ఇదైతే మర్నాటిదాకా ఐసు ఐసులాగే ఉంటుంది. ఈ దేశంలో ఇంతకంటే చల్లటి పెట్టె ఎవరి దగ్గరుందో చెప్పు."

మంచినీళ్లు ఇచ్చాను. పెన్నులు తుడిచి ఫ్రిజ్‌లో పెట్టాను. మందు తేటగా ఉంది. ఐసు కరుగుతూ ఉంటుంది కదా, అంత చల్లదనం లోపలికి పోయి ఉండదు. ప్లాస్టిక్ సంచి కూడా ఉంది.

దారిలో తీసి చూశావా అని అడగలేదు. ఆకలితో ఉన్నాడు, తిననిద్దామని.

జనవరి 23

మందు తేటగానే ఉంది. పొద్దున మళ్లీ చూశాను.

సాయంత్రం. సెల్సా అత్త వచ్చింది. డబ్బా అడిగింది, తేదీ చూడాలి కదా. తడిసి ముద్దయిన అట్ట ఇచ్చాను. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టింది.

"ఇదేంటి, వానలో నానిందా?"

ఎలిహియో గర్వంగా ఫ్లాస్కు తెచ్చి చూపించాడు. ఆమె ఫ్లాస్కును చూసింది, ఆయన్ని చూసింది.

"ఏం నాయనా, చేపలనుకున్నావా?"

"చల్లగా ఉండాలన్నారుగా అత్తా!"

"దారిలో తీసి చూశావా?"

"చూశా, సగం దారిలో. అన్నీ భద్రంగా ఉన్నాయి. గాజు లోపల సన్నగా మంచు కట్టి, ముద్దుగా ఉంది. సరే, బాగా చల్లగా ఉందని మళ్లీ పెట్టేశా."

నేను వంటింట్లో పళ్లెం సర్దుతున్నాను. సర్దడానికేమీ లేదు.

సెల్సా అత్త పెన్ను బల్ల మీద పెట్టేసింది. "ఇది వెయ్యను నిమీ."

"ఇప్పుడు కరిగిపోయిందత్తా. చూడు, తేటగా ఉంది."

"కాగితంలో రాసుంది. నీ ముందేగా చదివాను."

"పనిచెయ్యకపోతే పోనీ, హాని ఏముంది? వెయ్యి."

"హాని లేదని నీకెవరు చెప్పారు? కాగితం చెప్పిందా?"

అప్పుడు అనేశాను. తొమ్మిదేళ్లుగా లోపలున్నది ఎలిహియో ముందే అనేశాను. "మా అమ్మకు వేసినప్పుడు ఏ కాగితం చదివావు?"

సెల్సా అత్త ఏప్రను ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టింది.

"ఏ కాగితమూ చదవలేదు," అంది. "ఫెర్మినా అడిగింది. వేశాను."

వెళ్లిపోయింది.

జనవరి 25

డాక్టర్ యెగ్రోస్ ఒక్కటీ వాడొద్దంది, అన్నీ వెనక్కి ఇచ్చెయ్యమంది. కొత్త సరుకు ఫిబ్రవరి ఆఖరుకు గాని రాదట. ఎవరినీ తిట్టలేదు. "ఐసుతో పాడైనవి ఈ వేసవిలో మీవి నాలుగోవి," అంది. తెరెరె ఫ్లాస్కులోనా అని అడిగితే, మరి దేంట్లో అంది.

ఎలిహియో ఫ్లాస్కు కడిగి బోర్లించాడు. రెండు రోజులుగా తెరెరె తాగలేదు. ఆయనకు అది ఉపవాసం కంటే ఎక్కువ.

"నన్ను తిట్టు," అన్నాడు ఇవాళ.

"చూశావా అని నేను అడగలేదు. నన్నూ తిట్టు మరి."

ఇద్దరం తిట్టుకోలేదు.

ఫిబ్రవరి 3

పొద్దున పిడికిలి మూయలేకపోయాను.

ఫిబ్రవరి 6

జాము సీసా. మూత కదల్లేదు.

ఫిబ్రవరి 10

సెల్సా అత్త వాకిలి ఊడుస్తోంది. "బాగున్నావా" అనలేదు. నేనూ ఆగలేదు. కుడి మణికట్టు కర్రపెండలం దుంపలా ఉబ్బింది. తరగతులు పంతొమ్మిదిన మొదలు.

ఫిబ్రవరి 12

జరిగింది జరిగినట్టు రాయాలి. రాయడానికి వేళ్లు పెన్సిలు చుట్టూ తిరగడం లేదు, అక్షరాలు వంకర.

మధ్యాహ్నం, వీధి అంతా తలుపులు మూసుకుని కునుకు తీసే వేళ, సెల్సా అత్త తలుపు మోచేత్తో కొట్టాను. గుప్పెట్లో పట్టలేక చంకలో ఇరికించుకున్న కాగితపు సంచిలో దుకాణంలో కొన్న ఎర్రమందు సీసా ఉంది. అవును, నేనే కొన్నాను.

"ఒక్కటే అత్తా. ఒక్కసారే. తరగతులు మొదలయ్యేదాకా."

సంచి తీసుకుని చూసింది.

"మీ అమ్మ కూడా ఒక్కసారే అనేది. ప్రతిసారీ."

"నువ్వు వేసేదానివిగా!"

"వేసేదాన్ని."

"వీధిలో ఇప్పటికీ వేస్తున్నావు. ఆ బేకరీ ఆయనకు మొన్ననే వేశావు. నాకెందుకు వెయ్యవు? ఆ రోజు అన్న మాటకా?"

"మాటలకు సూదులు ఆపేదాన్నైతే ఈ వీధిలో సగంమందికి వెయ్యకపోదును." కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టింది. "నీ ఒంట్లో ఆ పెన్నుమందు ఇంకా ఎంతుందో నాకు తెలీదు. దాని మీద ఇది పడితే ఏమౌతుందో తెలీదు. తెలీని సూది నేను వెయ్యను. ఏడిస్తే ఏడువు. దుకాణం పక్క సందులో ఇంకో ఇద్దరున్నారు వేసేవాళ్లు, పోతానంటే ఆపను. నా చేత్తో మాత్రం కాదు."

ఏడ్చాను. నలభై ఆరేళ్ల దాన్ని, ఆమె మోకాళ్ల మీద తల పెట్టి బతిమాలాను. ఏం మాటలన్నానో ఇక్కడ రాయలేను. ఆమె నా జుట్టు సవరిస్తూ కూర్చుంది, కాని లేవలేదు, సీసా విప్పలేదు.

తర్వాత నా ఫోన్ తీసుకుని, డాక్టర్ యెగ్రోస్ నంబరు తనే నొక్కి, నా చెవి దగ్గర పట్టుకుంది.

ఫిబ్రవరి 13

డాక్టరు మాత్రలు రాసింది. చిన్న మోతాదు, రోజూ పొద్దున తిన్నాక, మూడు వారాలు, మెల్లగా తగ్గిస్తూ పోవాలి, చెప్పకుండా ఆపకూడదు. షుగరు చూసుకోవాలి.

ఆ సీసాలో ఉన్న ముఖ్యమైన మందూ ఇదీ ఒకే జాతివా అని అడిగాను.

"ఒకే జాతి," అంది. "లెక్క లేకపోతే అది, లెక్క ఉంటే ఇది."

అంటే అమ్మ ఒంట్లోకి పోయింది విషం కాదు. లెక్క లేని మందు. ఆ లెక్క ఎవరు చెప్పాలి అమ్మకు? ఆ రోజుల్లో ఇక్కడ ఈ జబ్బు చూసే డాక్టరే లేడు. మాకున్నది సెల్సా అత్త.

ఫిబ్రవరి 16

వేళ్లు కాస్త కదులుతున్నాయి. ఎలిహియో తెరెరె తాగాడు. ప్రపంచం సగం సర్దుకుంది.

ఫిబ్రవరి 19

మొదటి తరగతి. బోర్డు మీద రాయలేదు, నోటితోనే చెప్పాను. ఫరవాలేదు.

ఫిబ్రవరి 26

మందు వచ్చిందని కబురు. ముగ్గురం వెళ్లాం. సెల్సా అత్తను నేను పిలవలేదు. థర్మకోల్ పెట్టెతో ఎలిహియో బస్సు ఎక్కుతుంటే ఆమె చేతిసంచితో ముందు సీట్లో కూర్చుని ఉంది.

"ఈయన్ని నమ్మి మళ్లీ పంపుతానా? రేపు చేపలు కూడా తెస్తాడు," అంది, ఎవరితో అంటోందో చెప్పకుండా.

తిరుగు దారిలో ఎలిహియో పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు. చల్లసంచికీ మందుకూ మధ్య అమ్మ కుట్టిన తువ్వాలు. పదినిమిషాలకోసారి మూత ఎత్తబోవడం, సెల్సా అత్త ఆయన చేతి మీద కొట్టడం. జున్నురొట్టెలమ్మే ఆవిడ బస్సెక్కి, పెట్టెలో ఏముందంది.

"పసిబిడ్డ," అన్నాడు.

"ఆయన బుర్ర," అంది సెల్సా అత్త. "చల్లగా ఉంచకపోతే పాడౌతుంది."

ముగ్గురం వేడి రొట్టెలు తిన్నాం. ఫ్లాస్కు కూడా వచ్చింది, వేరే సంచిలో, తాగడానికి మాత్రమే. గ్లాసు చేతులు మారుతూ నా వంతు వచ్చింది. ఎడమచేత్తో అందుకున్నాను. కిటికీలోంచి చెరకు తోటలు వెళ్లిపోతున్నాయి. చాలా రోజుల తర్వాత ఏమీ కావాలనిపించలేదు.

ఫిబ్రవరి 27

జ్వరం లేదు. కుడి తొడ. పెన్ను బల్ల మీద, అరగంట.

ఆ అరగంటలో ఆమె కాగితం మళ్లీ మొదటినుంచి చదివింది. మడిచి పెట్టి, కిటికీ వైపు చూస్తూ అంది:

"నువ్వు చదువుకున్నదానివి. ఆ రోజు అడిగావు చూడు, ఏ కాగితం చదివావని. అప్పట్నుంచి అదే ఆలోచిస్తున్నా. మా ఫెర్మినాకు నేను చేసింది తప్పా? నన్ను ఓదార్చకు. తప్పైతే తప్పనే అను. నువ్వు ఏదంటే అది ఒప్పుకుంటా."

మా ఫెర్మినా అంది.

నేను నోరు తెరిచాను. అరగంటైందని ఫోన్ మోగింది. ఆమె లేచి చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా.

"తొందరేం లేదులే," అంది. "పద్నాలుగు రోజులకోసారి వస్తూనే ఉంటాగా."

మార్చి 5

బోర్డు మీద నాలుగంకెలు రాశాను, వంకరగానైనా. సుద్దముక్క కోసం ముందు బెంచీలోంచి లేచిన అమ్మాయి మళ్లీ కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి కళ్లు చెమర్చాయి.

మార్చి 11

మాత్రలు పోయిన వారంతో అయిపోయాయి. మణికట్టు ఎముక మళ్లీ ఎముకలా కనిపిస్తోంది. ఈ పేజీ అంతా కుడిచేత్తోనే, ఆగకుండా రాస్తున్నాను. రేపు మళ్లీ పెన్ను, మళ్లీ అరగంట.

ఆమెకేం చెప్పాలి?

తప్పు అంటే, అమ్మ పాడుకుంటూ కుట్టిన ఆ పదకొండేళ్లూ తప్పులోకే పోతాయి, వాటితోపాటు నా చదువూ. తప్పు కాదంటే, ఆ విరిగిన తుంటి ఎవరి ఖాతాలోనూ లేకుండా పోతుంది, పది నెలలు మంచం మీద అమ్మ పడ్డది ఊరికే పడ్డట్టవుతుంది. నాకు వెయ్యనన్న మనిషి అమ్మకు కూడా వెయ్యననగలిగేదని ఒక గంట అనిపిస్తుంది. అమ్మకు వేసి, చూసి, నేర్చుకున్నది గనకనే నాకు వెయ్యలేదని మరో గంట అనిపిస్తుంది. అప్పుడు నా చేతికి మూల్యం అమ్మ చెల్లించిందనాలి, ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు.

సెల్సా అత్త మీద నాకు కృతజ్ఞత ఉంది. అందులో అనుమానం లేదు, అది రేపు చెబుతాను. ఆమెను క్షమించానో లేదో, అసలు క్షమించవలసింది ఏమైనా ఉందో లేదో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.